లిస్టులో లేని ఎస్తేరు

బెంగళూరు,
ఆదివారం

అన్నకు సెల్లెలు సువార్త వందనాలు. నువ్వు, వదిన, అమ్మ బాగుండారని తలుస్తాండాను. ఆదోని యార్డుకు పత్తి బాగా వస్తాండాదా? మూటలు మోసి మోసి నీ నడుము ఎట్లుండాదో. నేను బాగుండాను. ఈడ రోజూ తుంపరే. హాస్టల్లో కూర సప్పగుంటాది, అయినా తింటాండాను, దిగులు పడొద్దండి. ఎవరన్నా ఇట్ల వస్తాంటే శెనక్కాయ పొడి పంపించు.

ఫోనులో అయితే అమ్మ పక్కనే ఉంటాది. అందుకే ఇది రాస్తాండాను.

ఈడి తెలుగు సర్చివాళ్లు మా ఆఫీసుకు ఒక పని ఇచ్చినారు. వాళ్లలో సచ్చిపోయినోళ్ల పేర్లు వెబ్ పేజీలో ఒకరి పక్కన ఒకరివి రావాల. నేనే సేసి, తొందరలో సరిగ్గా సూడకుండా పంపించినా. మరుసటి దినం సర్చి పెద్దాయన ఫోను సేసినాడు.

"ఒక పేరు కిందికి దిగి ఒంటిగా ఉందమ్మా. ఎస్తేరు ఎవరు? మా లిస్టులో లేదే."

అన్నా, మన ఎస్తేరే. ఎప్పుడు రాసినానో నాకే గ్యాపకం లేదు.

పని పోతాదని భయమైనా నిజమే సెప్పినా. "మా సెల్లెలు సార్. ఎమ్మిగనూరు ఆస్పత్రి నుంచి ఫోను సేసింది. మీటింగులో ఉండి కట్ సేసినా. మల్లా నేను సేసేసరికి లేదు."

నీకు గూడా ఈ మాట ఇన్నాళ్లూ సెప్పలేదన్నా. అప్పట్నుంచి పనిలో కూసుంటే సాలు, "ఫోను ఎత్తక్కా" అని ఎనక నుంచి ఇనపడతాది. తిరిగి సూస్తే ఎవరూ ఉండరు.

పెద్దాయన "తీసెయ్యొద్దులే తల్లీ. మావాళ్ల పక్కనే పెట్టు" అన్నాడు.

మా పనిలో బ్లాక్ అని ఒకటుండాది. మాట ఎంత సిన్నదైనా వరసంతా తానే తీసుకుంటాది, పక్కకు ఎవర్నీ రానీదు. ఇన్‌లైన్ అయితే తనకు కావల్సినంతే తీసుకుని అందరితో కలిసి నడుస్తాది. ఎస్తేరును నేను బ్లాక్‌లో రాసిండా. దాన్ని ఇన్‌లైన్ సేస్తానే పేరు పైకి పోయి, ఫిలోమినమ్మ అనే ఒకామె పేరు పక్కన సేరింది. అది సూసినాకే నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లకు.

తిట్టాలనిపిస్తే తిట్టన్నా, మాట్లాడకుండా మాత్రం ఉండొద్దు. వదినకు, సి.బెళగల్ అత్తకు వందనాలు సెప్పు. ప్రార్థనలో నన్ను తల్సుకోండి.

అమ్మకు నువ్వు సెప్పొద్దు. నేనే వచ్చి సెప్తా. ఆమెకు సదువు రాదు గదా, ఏలు పట్టుకుని పేరు యాడుండాదో సూపిస్తా.

నీ సెల్లెలు,
సువార్త