బేడీ తీసేదాకా కదలని లాయర్

మార్చి 4, మంగళవారం

పోలీసులు ఈరోజు మా వార్డుకు ఒక పేషెంట్‌ను తెచ్చారు. పేరు లీస్బెత్, స్కూల్ టీచర్, యాభై దాటింది. గని విస్తరణ ఆపాలని బొగ్గు మోసే బెల్టుకు తనను తాను కట్టేసుకుందట. దించేటప్పుడు తుంటి ఎముక విరిగింది. కాలికి బేడీ వేసి మంచానికి తగిలించారు. తుంటి విరిగిన మనిషి ఎక్కడికి పారిపోతుందని కాపలా కానిస్టేబుల్‌ను అడిగాను. రూల్ అన్నాడు.

తమ్ముడు మెర్చిన్ అదే గనిలో ఎక్స్‌కవేటర్ నడుపుతాడు. రాత్రి బంగాళాదుంపల మీద అవిసె నూనె పోసుకుంటూ విని నవ్వాడు.

"బాగా అయింది! మా పొట్ట కొట్టడానికేగా వచ్చింది."

నేను లేచి గిన్నెలు కడిగాను.

మార్చి 5, ఉదయం

లీస్బెత్ లాయర్ వచ్చింది. గుడ్రున్ ఎబెలింగ్. పొట్టి మనిషి, తడిసిన రెయిన్‌కోటు. క్లయింటుతో మాట్లాడేటప్పుడు మూడో మనిషి ఉండకూడదంది. కానిస్టేబుల్ కదలనన్నాడు. ఆమె అరవలేదు. కోటు విప్పి కుర్చీ లాక్కుంది.

"మీ ఆఫీసర్‌కి ఫోన్ చెయ్యండి బాబూ. నాకేం తొందర లేదు."

చేశాడు. మొహం మాడ్చుకుని బయటికి నడిచాడు.

తర్వాత కారిడార్లో నన్ను ఆపి, బేడీ వల్ల కాలికేమైనా అయిందా అని అడిగింది. చీలమండ దగ్గర చర్మం లేచిపోయిందని నాకు తెలుసు. పేషెంట్ ఒప్పుకుంటేనే చెబుతానన్నాను.

"అలాగే ఉండాలి సిస్టర్. వెళ్ళి అడగండి, నేనిక్కడే ఉంటాను."

లీస్బెత్ ఒప్పుకుంది. డాక్టర్ గాయం సంగతి రాసి సంతకం పెట్టాడు.

మార్చి 5, సాయంత్రం

అరెస్టు చేశారు కనుక లీస్బెత్‌ను ఇవాళ్టిలోగా జడ్జి ముందు హాజరుపరచాలి. పేషెంట్ కదలలేదు కనుక తర్వాత చూద్దామన్నారట పోలీసులు. ఆమె రాలేకపోతే జడ్జిగారే వస్తారు అందట ఎబెలింగ్.

నిజంగానే వచ్చాడు! మా వార్డుకి! మంచం పక్కనే విచారణ. బేడీ ఎందుకు అన్నదే ఆయన మొదటి ప్రశ్న. తీయించాడు. కస్టడీ అక్కర్లేదన్నాడు, కేసు మాత్రం నడుస్తుందన్నాడు. లీస్బెత్ కాలివేళ్ళు కదుపుకుంటూ ఏడ్చింది. ఎబెలింగ్ కిటికీ వైపు తిరిగి ముక్కు చీదుకుంది.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇలాంటి మనిషిని చూడలేదు.

ఇంట్లో చెబితే మెర్చిన్ ప్లేటు పక్కకు నెట్టేశాడు. "అక్కా, నువ్వూ వాళ్ళ పార్టీలో చేరిపోయావా?"

జూన్ 17

గని అనుకున్న ఏడు కంటే ముందుగానే మూసేస్తారని ప్రకటించారు. మెర్చిన్ అన్నం ముట్టలేదు.

జూన్ 20, మధ్యాహ్నం

గని మూయొద్దని మెర్చిన్ వాళ్ళు రోడ్డు మీద కూర్చున్నారు. అందరినీ పట్టుకెళ్ళారు. వాడికి ఆస్తమా. ఇన్‌హేలర్ ఇంట్లోనే ఉండిపోయింది. తీసుకుని స్టేషన్‌కు పరుగెత్తాను. బయటి మందులు లోపలికి పంపేది లేదన్నారు. నన్నూ పంపలేదు.

ఎబెలింగ్‌కు ఫోన్ చేశాను. మా తమ్ముడు మీవాళ్ళకు ఎదుటి పక్షం అని ముందే చెప్పేశాను, తర్వాత తెలిసి మానేస్తుందేమోనని.

"ఏ స్టేషన్? ఊపిరి ఎలా ఉంది?" అంతే అడిగింది.

జూన్ 20, సాయంత్రం

వచ్చింది. ముందు డాక్టర్‌ను రప్పించింది. తర్వాతే తక్కిన మాటలు. మెర్చిన్ ఆమె పేరు విని, ఆ బెల్టు ఆపినామె లాయర్ నాకొద్దు అన్నాడట, అంత ఆయాసంలోనూ.

"బయటికొచ్చాక తీరిగ్గా తిట్టు. ముందు ఇది పీల్చు," అందట.

పీల్చాడు.

మిగతా పదకొండు మంది దగ్గరికీ వెళ్ళి, నీళ్ళిచ్చారా, ఇంటికి ఫోన్ చేయనిచ్చారా అని ఒక్కొక్కరినీ అడిగిందట. వదిలేశాక మెర్చిన్ ఇంటికొచ్చి ఇదంతా గోడకు చెబుతున్నట్టు చెప్పాడు. ఆమెను తిట్టలేదు. పొగడనూ లేదు. వాడి గొంతు మాత్రం వేరేగా ఉంది.

సెప్టెంబర్ 2

గని ఈ ఏడే మూయాలంటూ గేటు దగ్గర కూర్చున్న కుర్రాళ్ళను పొద్దున అరెస్టు చేశారు. ఒకమ్మాయికి షుగర్ అట, ఇన్సులిన్ అందలేదట. మెర్చిన్ స్టేషన్ ముందు నిలబడి నాకు ఫోన్ చేశాడు, ఎబెలింగ్ నంబర్ కావాలని.

వాళ్ళంటే వాడికి ఇప్పటికీ పడదు.