అత్తమ్మ ఎక్కే విమానం

ఆదివారం, వరంగల్

చర్చి నుంచి వస్తాంటే అత్తమ్మ అడిగింది. "రేపు నేనెక్కే విమానం నువ్వు చూసిందేనా అల్లుడా?"

"చూసిన అత్తమ్మా" అన్న.

అబద్ధం. విమానాలు విప్పి రిపేరు చేసే పని మేం పనిచేసే హ్యాంగర్‌ల, అంటే విమానాల షెడ్డుల, తీసేసి బయటి దేశానికి ఇచ్చిండ్రు. అక్కడ ఎవరు చూస్తాండ్రో, ఎట్ల చూస్తాండ్రో తెల్వదు. తిరిగొచ్చిన కాగితాల మీద సంతకం పెడ్తాన, అంతే. ఇది మంచిది కాదని నాతోని పనిచేసే మెకానిక్‌లు కంపెనీకి రాసిన లెటర్ మీద మాత్రం పెట్టలే. నౌకరి పోతదని భయం.

నిన్నటిదాంక విమానమంటే వణికిన అత్తమ్మ, "మా అల్లుడు చూసిండు, నాకేం ఫికర్ లేదు" అని వాడకట్టంత చెప్పుకుంట తిరిగింది. అది విని పక్కింటి ఖాజాబీ వచ్చింది. "ఉమ్రా చేసెతందుకు మక్కాకు పోవాలె బిడ్డా, నువ్వు చూసే విమానం ఏ కంపెనీదో జర చెప్పు" అంది.

చెప్పిన. మా కంపెనీ పేరే చెప్పిన.