నేను రాయని కార్డు

జూన్ 4

వదినతో మాటల్లేవు. హాయిగా ఉంది. మా కార్డుల దుకాణంలో అన్నయ్య కాలితో తొక్కే ట్రెడిల్ ప్రెస్సు మీద కార్డులకి పువ్వుల అంచు వేశాడు. జనం ఆ అచ్చు గుంటల్ని వేలితో తడిమి మురిసిపోతారు. లోపల మాటలు చేత్తో రాసేది నేను. మనిషి చెప్పేది వినాలి, గొంతు పట్టుకోవాలి, అప్పుడే పెన్ను ముట్టాలి. వదినకి ఇది నత్తనడక. ఆర్డర్లు పేరుకుపోతున్నాయట.

జూన్ 9

నా దగ్గరికి ఆర్డర్లు రావడం లేదు. అన్నయ్య నా కళ్ళలోకి చూడడం లేదు.

జూన్ 12, మధ్యాహ్నం

ఒళ్ళు మండిపోతోంది.

రిటైరైన డ్రైవర్ ఒకాయన వచ్చాడు. టీచర్‌గా చేసిన భార్య ఈమధ్యే పోయింది. ఆవిడ స్కూల్ వాళ్ళు మా దుకాణం నుంచి సంతాపం కార్డు పంపారట. జేబులోంచి తీశాడు. ముట్టుకుని ముట్టుకుని అంచులు మెత్తబడ్డాయి. నాకోసం ఇంత ఓపిగ్గా కూర్చుని రాశావు, ఏ తల్లి కన్న బిడ్డవో అన్నాడు.

రాత నాదే. రాసింది నేను కాదు.

పట్టి చూశాను. ప్రతి ‘ళ’కీ తోక ఒకే వంపు. సిరా కాగితంలోకి దిగలేదు.

వెనక గదిలోకి వెళ్ళి నిలదీశాను. వదిన నా పాత కార్డులు స్కాన్ చేయించి ఫాంట్ తయారు చేయించిందట. నీ రాతే కదమ్మా, పరాయివాళ్ళదా, నీకు చెయ్యి నొప్పి తప్పించాను అంటూ నవ్వింది. అన్నయ్యవి నేల చూపులు. దొంగ ఆవిడ, కాపలా ఈయన.

బయటికొచ్చి పెద్దాయనకి చెప్పేశాను, అది మిషన్ రాసిందని. ఆయన కార్డు బల్ల మీద పెట్టేశాడు. చెప్పకపోతే నీ సొమ్మేం పోయిందమ్మా అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం

అన్నయ్య నోరు విప్పాడు. నా మీదే. కూర్చున్న కొమ్మని నరుక్కుంటున్నానట.

జూన్ 15

ఆర్డర్ మీదున్న అడ్రస్ పట్టుకుని పెద్దాయన ఇంటికి వెళ్ళాను. తలుపు సగమే తీశాడు. జాలి చూపించడానికైతే పొమ్మన్నాడు. రాయడానికి వచ్చానన్నాను. ఏం రాస్తావు, ఆవిణ్ణి ఎరుగుదువా అన్నాడు. ఎరగను, చెప్పండి అన్నాను.

నన్ను గుమ్మంలో నిలబెట్టే చెప్పాడు. ఆవిడకి లెక్కలంటే ప్రాణం, వంటంటే మంట. స్కూల్ నుంచి రాగానే చెప్పులు ఒకటి అటూ ఒకటి ఇటూ విసిరేదట. రెండో చెప్పు కోసం రోజూ ఆయనే మంచం కింద దూరేవాడట. ఇప్పుడు రెండూ పక్కపక్కనే ఉంటున్నాయి అన్నాడు.

మెట్టు మీద కూర్చుని, మోకాలి మీద కార్డు పెట్టుకుని అదే రాశాను. ఒక మాట చెడింది. కొట్టేశాను. కింద నా అడ్రస్ వేశాను. శుభ్రంగా ఇంకోటి రాసిస్తానన్నాను. అక్కర్లేదని లాక్కుని తలుపేసుకున్నాడు.

జూన్ 16

దుకాణానికి తాళం మార్చారు. కిటికీ దగ్గర నిలబడి అన్నయ్యని నోరారా తిట్టాను. లోపల ప్రింటర్ చప్పుడు ఆగలేదు.

జూన్ 22

పోస్టులో కార్డు. కోడి కెలికినట్టున్న రాత. పెద్దాయనది. నీ మీద కోపం పోలేదు, ఆదివారం రా, ఆవిడ గురించి ఇంకా చాలా ఉంది అని.

నా కోపమూ ఎవరి మీదా పోలేదు. వెళ్తాను.