దుమ్ము అలవెన్సు తీసుకున్నవాడి వీలునామా

రైల్వే వ్యాగన్ల రిపేరు కార్ఖానాలో ఇసుక షెడ్డు కార్మికుణ్ణి, షెడ్డంతా 'కరపత్రం' అని పిలిచే మనిషిని, పెళ్లికానివాణ్ణి, మా అమ్మకి ఒక్కగానొక్క కొడుకుని అయిన నేను రాసుకుంటున్న వీలునామా ఇది. నా ఊపిరితిత్తులు పాడయ్యాయి గానీ బుర్ర పాడవలేదు. ఆ సంగతి డాక్టరు గారు కాగితం మీద రాసిచ్చారు. దాన్ని దీనికి జతపరుస్తున్నాను, మా బావకి అన్నిటిమీదా అనుమానమే కనక. ఎవరి బెదిరింపూ, ఎవరి బుజ్జగింపూ లేకుండా, సొంత చేతిరాతతో, మధ్యమధ్య ఆగి ఆయాసం తీర్చుకుంటూ రాస్తున్నాను. ఇంతకుముందు రాసిన వీలునామా ఏదీ లేదు. ఈ వయసులో ఎవడు రాస్తాడు?

1. ఇందులో రాసినవన్నీ జరిపించే బాధ్యత అక్కది. మా ఇంట్లో ఏ కాగితాన్నయినా చివరి పేజీ దాకా చదివే మనిషి తనొక్కతే. తనకి అప్పజెప్పలేదని బావ అలుగుతాడు. అలగనివ్వండి. అలక తీరాక నాలుగో క్లాజు చదువుకోమనండి.

2. నాకు స్థిరాస్తి లేదు. చరాస్తి సంగతికొస్తే, ఈమధ్య నేనే పెద్దగా చరించడం లేదు. ఉన్నవాటిలో టేబుల్ ఫ్యాను అమ్మకు చెందాలి. దుమ్ము అలవెన్సు చేతికొచ్చిన మొదటి నెల కొన్నాను దాన్ని.

ఇసుక షెడ్డంటే ఏమిటో తెలియనివాళ్లు కూడా రేపు దీన్ని చదవొచ్చు కాబట్టి చెబుతున్నాను. వ్యాగన్‌కి కొత్త రంగు వెయ్యాలంటే ముందు తుప్పు ఊడగొట్టాలి. పైపులోంచి గాలి ఒత్తిడితో ఇసుకని దానిమీద కొడతాం. ఇసుక పగిలి పిండిలా లేస్తుంది. పక్కవాడు ఉన్నాడని దగ్గుని బట్టి తెలుసుకోవడమే. తడిపి కొడదామంటే, తడి తగిలితే ఇనుం మళ్లీ తుప్పు పడుతుందని ఫోర్‌మన్ గారు ఒప్పుకోలేదు. ఇనుం ఆరోగ్యం మీద ఆయనకి అంత బెంగ. మొహానికి ముసుగులివ్వలేదని అబద్ధమాడను, ఇచ్చారు. వాటి అద్దాలు వారం తిరక్కుండానే ఇసుక దెబ్బకి మసకబారిపోయేవి. కొత్త అద్దాలు వచ్చేవి కావు. కళ్లు కనపడక ముసుగులు పక్కన పడేసి తువ్వాళ్లు చుట్టుకునేవాళ్లం.

3. మంచం కింద పెట్టెలో ఉన్న కరపత్రాలూ చిన్న పుస్తకాలూ యూనియన్ గదికి ఇవ్వాలి. ఒక షరతు: పెట్టె మూత లోపలివైపు నేను రంగుతో రాసిన వాక్యాన్ని ఎవరూ చెరపకూడదు. 'దుమ్ముకి ధర అడగొద్దు, నీళ్లు అడగండి' అని రాశాను.

ఎందుకంటే మేం ధర అడిగాం. కార్ఖానా గేటు ముందు అందరం కలిసే అరిచాం. డ్రమ్ము మీద నిలబడ్డవాణ్ణి కనక నా గొంతు ఎక్కువ వినపడింది. 'డిమాండ్ చేస్తాం, వేడుకోం' అన్న నినాదం నాదే, ఇప్పటికీ గోడమీద ఉంది. సాయంత్రానికల్లా దుమ్ముకి నెలనెలా అలవెన్సు ఇస్తామన్నారు. అంత తొందరగా ఎందుకు దిగొచ్చారని మాలో ఒక్కడికీ తట్టలేదు. ప్రపంచంలో ఉన్న పోరాటాలన్నీ చదివాననుకున్న నాకూ తట్టలేదు. నన్ను భుజాలమీద మోశారు. మర్నాడు అదే దుమ్ములోకి, రొమ్ము విరుచుకుని మరీ వెళ్లాం.

ఇప్పుడు నేను నష్టపరిహారం కేసు వేస్తే, అవతలి వకీలు ఆ అలవెన్సునే పట్టుకున్నాడు. ప్రమాదమని తెలిసే కదా పుచ్చుకున్నారు, ఒకసారి తీసుకున్నదానికి మళ్లీ ఎందుకివ్వాలి అంటాడు. రాబోయే జబ్బుకి ముందుగానే ఖరీదు కట్టి మనిషి హక్కు కొనేసుకోవడం చట్టంలో చెల్లదని మా లాయరమ్మ గట్టిగానే జవాబిచ్చింది. ఆ వాదం గెలుస్తామంటోంది. గెలవొచ్చు. కానీ ఆ వకీలు మాట్లాడుతుంటే తల దించుకున్నాను. కోర్టులో తల దించుకోవడం ఎలాగో నేను చదివిన ఏ కరపత్రంలోనూ లేదు.

4. బావకు: నాకు ప్యాంటు కుట్టించమని అక్క కొన్న నీలం గుడ్డ. ఇంకా కత్తెర పడలేదు.

బావ దర్జీ. మాటలు కూడా కత్తిరించినట్టే ఉంటాయి. రైల్వేవాళ్లు రాజీ కాగితం పంపారు. నేను పోయాక, పోయింది క్షయతోనేనని అమ్మ ఒప్పుకుని సంతకం పెడితే ఎంతో కొంత ముట్టజెప్పి కేసు మూసేస్తారట. పెట్టేద్దామని బావ. వద్దని నేను. తీర్పు వచ్చేసరికి వీడు ఫొటోలో ఉంటాడు, గోడ దగ్గర నిలబడి చదివి వినిపిస్తారా అన్నాడు నా ఎదుటే. దగ్గుమందు గ్లాసు విసిరేశాను. అబద్ధం చెప్పాడని కాదు.

అయితే ఇదీ రాయాలి. షెడ్డులో అందరికీ ముక్కుకి కట్టుకోమని నాలుగు మడతల గుడ్డలు కుట్టిచ్చింది ఈయనే, కూలి అడగలేదు. ఆ దుమ్ము నాలుగు మడతలకి ఆగేది కాదని ఆయనకేం తెలుసు, మాకేం తెలుసు. నేను చిక్కిపోతున్నకొద్దీ నా ప్యాంట్ల నడుము బిగించి కుట్టి, అమ్మకి తెలియకుండా మళ్లీ అదే మేకుకి తగిలించేవాడు. నాకు తెలియదనుకున్నాడు. బావా, ఆ నీలం గుడ్డతో నీకే కుట్టుకో. నడుము దగ్గర కాస్త వదులుగా పెట్టుకో, పొట్ట వస్తోంది.

5. (ఈ క్లాజు కొట్టేశాను. పక్కన సంతకం పెట్టాను. రాజీ కాగితం మీద వేలు పెట్టినవాళ్లు నా శవాన్ని ముట్టుకోకూడదని కోపంలో రాశాను. లాయరమ్మ చదివి, వీలునామాలో శాపాలు చెల్లవు బాబూ అంది.)

6. నేను పడుకోలేక ఆనుకుని కూర్చునే చెక్క వాలుబల్ల షెడ్డులో నా జోడీ 'సైలెన్సర్' అన్నకు ఇవ్వాలి. ఆయన దగ్గితే రేకులు అదిరేవి, అందుకే ఆ పేరు. మొదటిరోజు నా మొహానికి తువ్వాలు కట్టి, ముడి ఎలా వెయ్యాలో నేర్పింది ఆయనే. మొన్న నన్ను చూడ్డానికొచ్చి మెట్ల మీద మూడు చోట్ల కూర్చున్నాడట. పైకొచ్చి, మీ మేడ ఎత్తు పెంచారేంట్రా అన్నాడు. ఇద్దరం నవ్వాం, ఆ నవ్వుకే ఇద్దరికీ ఊపిరాడలేదు. అన్నా, దీని అవసరం నీకు రాకూడదు. రాకపోతే బట్టలు ఆరేసుకో.

7. కేసు. గెలిస్తే వచ్చే పరిహారం మొత్తం నా వారసురాలిగా అమ్మకే సర్వహక్కులతో చెందాలి. అందులోంచి నా ఫొటోకి పెద్ద ఫ్రేము మాత్రం కట్టించొద్దు.

గెలవాలంటే ఇది క్షయ కాదు, సిలికోసిస్ అని, అంటే ఇసుక జబ్బని తేలాలి. ఉద్యోగంలో చేరిననాటి నా ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. అది చాలదట. షెడ్డులో తొడుక్కున్న చొక్కా ఉతక్కుండా తెస్తే అందులోని దుమ్ము పరీక్షకి పంపిస్తానని లాయరమ్మ అడిగింది. అమ్మ అప్పటికే దాన్ని ఉతికి, ఊడిన గుండీ కుట్టి, ఇస్త్రీ చేసి, కాగితంలో చుట్టి పట్టుకెళ్లింది. తువ్వాళ్లూ అంతే. కోర్టుకి మురికిబట్ట పంపితే పిల్లాణ్ణి ఎలా పెంచిందో అనుకోరూ అందట. లాయరమ్మ ఆ చొక్కాని మడత చెదరకుండా మళ్లీ అదే కాగితంలో చుట్టి అమ్మ చేతిలో పెట్టింది.

ఇక మిగిలిన సాక్ష్యం నా ఊపిరితిత్తులే. నేను పోయాక తీసి పరీక్షిస్తే లోపలున్నది ఇసుకో క్షయో తేలిపోతుందని డాక్టరు గారన్నారు. షెడ్డులో మొదటి కేసు నాది. సైలెన్సర్ అన్నదీ, మిగతావాళ్లవీ దీని వెనకే నిలబడి ఉన్నాయి. నాది క్షయ అని కాగితమెక్కితే వాళ్లందరిదీ క్షయే.

8. మొదట ఈ క్లాజుని ఒకటో నంబరు వేసి రాశాను: నా ఊపిరితిత్తులు కోర్టుకి రాసిస్తున్నాను అని. అలా కుదరదంది లాయరమ్మ. మనిషి ఒళ్లు అతని ఆస్తి కాదట, వీలునామాలో పంచిపెట్టడానికి లేదట. పోయాక ఇంటివాళ్లు ఒప్పుకోవాలట. బతికున్నన్నాళ్లూ కార్ఖానాది, పోయాక ఇంటివాళ్లది. మధ్యలో నాది ఎప్పుడయిందో నాకు తెలియలేదు.

కాబట్టి పైన రాసినవన్నీ ఆదేశాలు, ఇదొక్కటి అర్జీ. అర్జీ రాయడం నాకు అలవాటు లేదు, తప్పులుంటే సర్దుకోండి.

అమ్మా, 'నిన్ను కన్నప్పుడు ఎంత నిండుగా ఉన్నావో అంత నిండుగానే సాగనంపుతాను, కత్తి తగలనివ్వను' అన్నావు. నువ్వు కన్నప్పుడు నాలో రాయి లేదమ్మా. అది తరవాత చేరింది. దాన్ని నాతోపాటు పంపించెయ్యకు.

నీ మనసు రాకపోతే రాజీ కాగితం మీద సంతకం పెట్టు. నీమీద కోపం పెట్టుకుని పోను. అక్కా బావా కూడా నిన్నొక్క మాట అనడానికి వీల్లేదు, అది మాత్రం ఆదేశమే.

చొక్కా ఉతికానని ఇప్పటికీ వంటింట్లో కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నావని అక్క చెప్పింది. ఏడవకు. రోజూ గుమ్మంలోనే చొక్కా విప్పించి, నీళ్లలో ముంచి, నా ఒంటిమీది దుమ్మంతా నువ్వు వదలగొట్టావు. నీ చెయ్యి అందని చోట కాస్త మిగిలింది, అంతే. ఆ కాస్తా ఉతక్కుండా వాళ్ల చేతికియ్యి. ఇది డిమాండ్ కాదమ్మా, వేడుకుంటున్నాను.

తేదీ: జూన్ పద్నాలుగు, ఆదివారం మధ్యాహ్నం, మా మేడమీది గదిలో, కిటికీ పక్కన.

సంతకం: ఇసుక షెడ్డు 'కరపత్రం'

పై వ్యక్తి మా ఇద్దరి ఎదుట, మాకు మొత్తం చదివి వినిపించి, సంతకం చేశాడు. ఇందులో మాకు వచ్చేదేమీ లేదు.

సాక్షులు:
1. మేడ కింద కటింగ్ షాపు యజమాని
2. వీధి చివర మందుల షాపులో పనిచేసే అమ్మాయి (చివరి క్లాజు అతనికి ఊపిరి అందకపోతే నేను చదివాను)