పదకొండు నిమిషాల తల్లి

ఆగస్టు 10, ఆదివారం

‘ఏడు వంతెనలు’ ఎక్స్‌టెండెడ్ ఎడిషన్ వస్తోంది. లావుపాటి నవల మీద తీసిన సినిమా. రెండేళ్ల కింద థియేటర్లో మూడు గంటలు చూపించారు. ఇప్పుడు డిస్కుల బాక్సులో ఇంకో నలభై మూడు నిమిషాలు కలుపుతున్నారు. వాటికి తెలుగు డైలాగులు నేనే రాయాలట. ప్రవల్లికా, ఇది నీదే, ఇందులో ఎవడూ వేలు పెట్టడు అన్నాడు సాయిప్రకాష్ అన్న.

నేను ఏ కోర్సూ చేయలేదు. కరోల్ బాగ్‌లో సివిల్స్ కోచింగ్‌కని వచ్చి ఆర్నెల్లకే మానేశాను. కటవారియా సరాయ్ గదిలో పక్కవాళ్లు కరెంట్ అఫైర్స్ బట్టీ పడుతుంటే నేను ఇలాంటి డిస్కులు పెట్టుకుని, పాజ్ కొట్టుకుంటూ ఇంగ్లిష్ నేర్చుకున్నాను. నోయిడా డబ్బింగ్ స్టూడియోలో ఉద్యోగం ఇప్పించింది అన్న. పెదవులకు మాట అతికించడం నేర్పింది అన్న. అందుకే ఇవాళ కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కడ కాదు, మెట్రోలో.

ఆగస్టు 12

కోట కాపలావాడి తల్లికి పదకొండు నిమిషాల సీన్ ఉంది! థియేటర్లో ఆవిడకు నాలుగే డైలాగులు.

తెలుగులో ఆ గొంతు అన్నపూర్ణేశ్వరి ఆంటీది. కృషి భవన్‌లో రిటైరై ఆర్.కె.పురంలో ఉంటుంది, తెలుగు సంఘం నాటకాల్లో వేస్తుంది. అప్పట్లో కాలనీ మొత్తాన్ని హాలుకు తీసుకెళ్లింది. శేషగిరి అంకుల్ ఇప్పటికీ అందరికీ చెబుతాడు: నేను పాప్‌కార్న్ కొనుక్కుని వచ్చేసరికి అన్నపూర్ణగారి వేషం అయిపోయిందండీ అని.

ఫోన్ చేసి చెప్పాను.  పదకొండు నిమిషాలంటే మరీ నీళ్లు తాగకుండా చెప్పాలేమిటే అంది. రెండేళ్ల నుంచి ఈ ఫోన్ కోసమే కూర్చున్నట్టుంది ఆ గొంతు.

ఆగస్టు 24, ఆదివారం

స్టూడియో ఖాళీగా ఉంటుందని ఆదివారాలే పెట్టాడు అన్న. నేనే ఆంటీని మెట్రోలో తీసుకెళ్తున్నాను. బొటానికల్ గార్డెన్ దగ్గర రైలు మారాలి. ఫ్లాస్కు నేను పట్టుకుంటాను, చెయ్యి మాత్రం ఇవ్వదు.

బొమ్మ బయటికి పోకూడదని క్లయింటు తెర అంతా నల్లగా చేసి పంపుతాడు. మాట్లాడేవాళ్ల పెదవుల చుట్టూ ఒక గుండ్రటి కిటికీ, అంతే. ఆ తల్లి ముఖం నాకు తెలియదు. కింది పెదవి కుడివైపు పగిలి ఉందని మాత్రం తెలుసు.

సీన్ ఇది. కొడుకు రాత్రి శత్రువులకు కోట తలుపు తీశాడు. తెల్లారి ఇంటికొచ్చాడు. తల్లి అడుగుతుంది: తలుపు తీసింది నువ్వేనా? నేను కాదమ్మా అంటాడు. అబద్ధమని ఆవిడకు తెలుసు. పదకొండు సెకన్లు ఏమీ అనదు. తర్వాత తిండి పెడుతుంది.

అక్కడ ఇంగ్లిష్‌లో బ్రెడ్ అని ఉంది. అన్న రొట్టె అన్నాడు. బ్రెడ్‌కు మూసుకునే పెదవులు రొట్టెకు మూసుకోవు అన్నాను. అన్నం కూడా కుదరదు. నాలుగు రోజులు కొట్టుకుని ‘బువ్వ’ అని రాశాను. బువ్వ తిను. చల్లారిపోతుంది. ఆంటీ అది చెప్పగానే రికార్డింగ్ చేసే చాందిని, తెలుగు ముక్క రాని మనిషి, హెడ్‌ఫోన్స్ తీసేసి కళ్లు తుడుచుకుంది.

కొడుకు డైలాగులు ఎదురుగా కూర్చుని నేనే చదివాను.

సెప్టెంబర్ 7

ఫైళ్లు క్లయింటు సర్వర్‌లో అప్‌లోడ్ చేయొద్దు, నా హార్డ్ డిస్కులో పెట్టు, నేను చూసి పంపుతా అన్నాడు అన్న. ఠీక్ హై. నా తప్పులు ఎవరి కంటా పడకుండా చూసుకుంటున్నాడు.

సెప్టెంబర్ 21

అయిపోయింది. నలభై మూడు నిమిషాలూ. ఆంటీ నాకు చేగోడీల డబ్బా ఇచ్చింది, అన్నకు శాలువా కప్పింది. అన్న వంగి కాళ్లకు దండం పెట్టాడు.

అక్టోబర్ 6

అన్న ముంబయి వెళ్లిపోతున్నాడు. పెద్ద కంపెనీ, తెలుగు హెడ్. ఉన్నట్టుండి. కాజూ బర్ఫీ పంచాడు. నేను రెండు తిన్నాను.

నవంబర్ 9, రాత్రి

సంఘం హాల్లో నలభై మంది. ఆంటీ నీలం కంచిపట్టు కట్టుకుంది. సమోసాలు చెప్పించింది. కొత్త డిస్కుల బాక్సు సీలు నాతో విప్పించింది.

తెర మీద తల్లి తలుపు దగ్గరికొచ్చి, ఎవరది అంది. ఆంటీ గొంతు. పాత డైలాగు. చప్పట్లు. కొడుకు లోపలికొచ్చాడు. తల్లి మళ్లీ నోరు తెరిచింది.

ఇంగ్లిష్.

ఎవరో ముక్కూమొహం తెలియని ఇంగ్లిష్ ఆవిడ గొంతు. కింద సబ్‌టైటిల్స్, అవీ నావి కావు. తలుపు తెరిచావా నీవు, అని ఉంది. శేషగిరి అంకుల్ రిమోట్ తీసుకుని ఆడియో తెలుగులోనే ఉందండీ అన్నాడు. పదకొండు నిమిషాలూ ఇంగ్లిషే. తర్వాత తల్లి గుమ్మంలో నిలబడి, వెళ్లిరా నాయనా అంది. మళ్లీ ఆంటీ. అన్నపూర్ణగారూ, మీకు ఇంగ్లిష్ ఇంత బాగా వచ్చని తెలీదే అన్నాడు అంకుల్. అందరూ నవ్వారు.

ఒక్కటి మాత్రం చూశాను. ఆ ముఖం. ఆ పదకొండు సెకన్లూ తల్లి కొడుకును చూడదు. తలుపు వైపు చూస్తుంది.

జనం వెళ్లాక ఆంటీ ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆపింది. నీకు ముందే తెలుసా అంది. తెలీదాంటీ అన్నాను. అవునా అంది. తలుపు వైపు చూస్తోంది.

నవంబర్ 10

అన్నకు నాలుగుసార్లు ఫోన్ చేస్తే ఎత్తాడు. కలిపిన సీన్లకు ప్రాంతీయ భాషల్లో డబ్బింగ్ వద్దు, ఇంగ్లిష్ ఉంచి సబ్‌టైటిల్స్ వేయండి అని క్లయింటు మెయిల్ వచ్చింది ఎప్పుడో తెలుసా? జులైలో. జులైలో! నాకు పని చెప్పింది ఆగస్టులో.

మరి మాతో ఎందుకు చేయించావు అన్నా అంటే, నీకు ప్రాక్టీస్ అయింది కదరా అన్నాడు. ప్రాక్టీస్! డెబ్బై ఏళ్ల మనిషి మోకాళ్లు పట్టుకుని ఆ మెట్రో మెట్లెక్కింది నా ప్రాక్టీస్ కోసమా? నా ఫైళ్లు నాకివ్వు అన్నాను. చేసిన పని బయటికి తీసుకెళ్లనని అగ్రిమెంట్ మీద సంతకం పెట్టావు, గుర్తుందా అన్నాడు. మెల్లగా, నేర్పించేటప్పుడు మాట్లాడే గొంతుతోనే.

నవంబర్ 11

చాందిని క్యాంటీన్‌లో ఫోన్ చూపించింది. అరే యార్, తుఝే సచ్‌మే నహీ పతా థా? అంది, నిజంగానే నీకు తెలీదా అని. అతని షోరీల్, ఉద్యోగాల కోసం చేసిన పని ముక్కలు కలిపి చూపించుకునే వీడియో. ముంబయి ఉద్యోగం దానితోనే వచ్చిందట. మొదలే ఆంటీ సీన్. కింద: తెలుగు రచన, దర్శకత్వం సాయిప్రకాష్. ‘బువ్వ’ దగ్గర కట్ చేసి, అతని పేరు పెద్దగా వేసుకున్నాడు.

నా బువ్వ. నాలుగు రోజులు.

ఆదివారాలు ఎందుకో, హార్డ్ డిస్కు ఎందుకో ఇప్పుడు తెలిసింది. చూసీ చూడని గాడిదను నేను. ప్రతి వారం ఆవిణ్ని ఇంటి నుంచి తీసుకెళ్లింది నేను. తలుపు అతను తీశాడు. దాని దాకా నడిపించుకెళ్లింది నేను.

నవంబర్ 13

ఆంటీ ఫోన్ ఎత్తడం లేదు. ఇంటికెళ్లాను. టీవీ వినిపిస్తోంది. బెల్లు కొట్టగానే ఆగిపోయింది.

నవంబర్ 16, ఆదివారం, ఉదయం 7:40

ఆంటీ ఫోన్. హలో లేదు. సీన్‌లో గొంతుతో, తలుపు తీసింది నువ్వేనా అంది.

స్క్రిప్టులో నా డైలాగు ఒకటే ఉంది. నిజమూ అదే. నేను కాదమ్మా అన్నాను.

పదకొండు సెకన్లు. లెక్కపెట్టాను.

బువ్వ తిను, అంది. చల్లారిపోతుంది.