ఇయ్యాల తీరదు, రేపు రా

26 జనవరి, ఆదివారం

పాస్టర్ శాంతి కుమార్‌కు ముప్పై ఏళ్లు లేవు. ప్రసంగాలు మాత్రం బైబిల్లో తొమ్మిది వందల ఏళ్లు దాటి బతికిన మెతూషెల ఆయుష్షంత. కునుకు తీద్దామని స్తంభం చాటున సీటు చూసుకున్నాను. కుదరలేదు. నీ వల్ల నొచ్చుకున్నవాడు గుర్తొస్తే, కానుక బలిపీఠం దగ్గరే వదిలి ముందు వాడి దగ్గరికి పొమ్మన్నాడు. వచ్చే ఆదివారం ప్రభు సంస్కారం, అందరం రొట్టె విరిచి పంచుకునే రోజు. "ఈ వారంలనే పోండి. దేవుడు పిలిస్తే డేట్ అడగొద్దు" అన్నాడు.

నాకు ఒక్కడే గుర్తొచ్చాడు. వర్ని ఊరి రాజేశ్వర్.

27 జనవరి

వెళ్లాల్సిందే. కాకపోతే మోకాలు. మా బోధన్ నుంచి జిల్లా కేంద్రంలోని కంఠేశ్వర్ దాకా బస్సులో పోయి ఎముకల డాక్టరుకు చూపించుకున్నాను. ఆయన నా ఎక్స్‌రే కన్నా తన ఫోన్ ఎక్కువ చూశాడు. నడవమన్నాడు. అంత దూరం పోగలిగిన మోకాలు వర్ని ఎందుకు పోలేదో ఆయన అడగలేదు.

28 జనవరి

ఈరోజూ పోలేదు. ఉత్తరం రాద్దామని కూర్చుని, పొద్దంతా పెన్ను బాగుచేశాను. నా భార్య జ్ఞానమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ అంది: "ఇరవై రెండేండ్ల సంది రేపు, రేపు అంటున్నవ్. ఆ రేపటికి టోకెన్ రాసిచ్చేటోడివి గూడ నువ్వేనా?"

టోకెన్ అన్నది కాబట్టి రాసేస్తాను.

అప్పట్లో చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర నేను టోకెన్ క్లర్కును. చెరుకు బండ్లకు నంబరిచ్చి లోపలికి వదలడం నా పని. నరికిన చెరుకు ఆగదు, ఎండలో ఉంచితే రసం ఇంకిపోతుంది. ఆ సంగతి నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నేను బడిలో చదివింది నాలుగో తరగతి. మిగతా చదువంతా బైబిల్లోనూ, కిరాణా పొట్లాల కాగితాల మీదా. పొట్లాల చదువుతో ఒక చిక్కుంది, ఏ కథకూ చివర ఉండదు. సరే. రాజేశ్వర్ ఒకరోజు క్యూలో "నాలుగో తరగతోడు మనకు నంబర్లేస్తుండు సూడుండ్రి" అన్నాడు. బండ్లవాళ్లంతా నవ్వారు.

ఆ ఏప్రిల్‌లో ఆయన బండిని మూడు రోజులు ఆపాను. వచ్చి అడిగినప్పుడల్లా "ఇయ్యాల తీరదు, రేపు రా" అన్నాను. మూడో రోజు మధ్యాహ్నం ఆయన ఎద్దు యార్డులోనే పడిపోయింది, మళ్లీ లేవలేదు. తడి గోనెసంచి కప్పి, దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను కిటికీ మూసుకున్నాను.

ఆ తర్వాత కూడా ప్రతి నెలా మొదటి ఆదివారం మోకరించి సంస్కారం తీసుకుంటూనే ఉన్నాను. ఈసారి అలా తీసుకోను.

29 జనవరి

వెళ్లాను. రాజేశ్వర్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చూడగానే గుర్తుపట్టి "పేతురు సారా?" అన్నాడు. నోరు తెరిచాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇయ్యాల తీరదు. రేపు రా."

లోపలికి పోయి టీవీ పెట్టుకున్నాడు. ఆయన భార్య రేణుకమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. "గాయన గంతనే, అన్నా. గింత దూరంకెల్లి అచ్చినవ్, తాగు."

30 జనవరి

రేపు రా.

31 జనవరి

మూడో రోజు. ఈసారి వెనక్కి రాలేదు. వాకిట్లో నీళ్ల తొట్టి పక్కన ఎండలో కూర్చున్నాను. రెండు గంటలయ్యాక లోపలి నుంచి రేణుకమ్మ గొంతు: "ముసలాయన ఎండల కూసున్నడు. గాడనే పడితే ఎవ్వలు మోస్తరు, నువ్వా?"

రాజేశ్వర్ బయటికొచ్చాడు. నన్ను చూశాడు, తొట్టిని చూశాడు.

"ఐతారం రా. పొద్దుగాల తొమ్మిదింటికి."

ఆదివారం తొమ్మిదింటికి మా చర్చి గంట కొడతారు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. సోమవారం అనబోయాను.

"వస్త" అన్నాను.

1 ఫిబ్రవరి

పాస్టర్‌కు చెప్పాను, రేపు సంస్కారానికి రానని. "సోమవారం పోవచ్చు కద తాతా?" అన్నాడు.

"డేట్ అడగొద్దని నువ్వే చెప్పినవ్ గద బాబూ" అన్నాను.

గొంతు సవరించుకున్నాడు. ఆయన చేసిన ప్రసంగాల్లో అదే పొట్టిది.

జ్ఞానమ్మ అడగకుండానే తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది.

2 ఫిబ్రవరి, ఆదివారం

పది నిమిషాల ముందే చేరాను. అంతా చెప్పాను, కిటికీ సంగతితో సహా. ఎద్దు పేరేమిటని అడిగాను. చెప్పాడు. ఎర్రన్న.

రేణుకమ్మ పెనం మీది జొన్నరొట్టె తెచ్చింది. రాజేశ్వర్ విరిచి సగం నా చేతిలో పెట్టాడు.

"జల్ది తిను, సల్లారుతది" అన్నాడు.

తిన్నాను.