చిన్నమ్మ సినిమా కింద నేను రాసిన మాట

హన్మకొండ, ఆదివారం

సుకన్య చిన్నమ్మకు,

నువ్వు ఫోన్ ఎత్తుతలేవని ఈ ఉత్తరం రాస్తున్న. పెండ్లికి ముందు నువ్వు నర్సు వేషం వేసిన ఆ 'పెద్దలకు మాత్రమే' కామెడీ సినిమాను ఎవరో యూట్యూబ్‌ల పెట్టిన్రు. దాని కింద జనం నిన్ను గలీజు మాటలంటుంటే నాకు కోపమొచ్చింది. "ఆమె మా చిన్నమ్మ. మడికొండల గాజుల దుకాణం నడుపుకుంటది. మర్యాదగ మాట్లాడుండ్రి" అని రాసిన. నీ తరఫున మాట్లాడుతున్ననే అనుకున్న గాని, వాళ్లకు నీ అడ్రసు చెప్తున్ననని తోచలే.

మొన్న ఇద్దరు దుకాణంకొచ్చి "నర్సమ్మా, జర మా నాడి చూడు" అన్నరట. నువ్వు షట్టర్ దించి ఇంటికి పోయినవని చిన్నాయన చెప్పిండు. ఆయన నన్ను తిట్టినా బాగుండు.

నేను రాసింది తీసేసిన. చదివినోళ్లు అప్పటికే చదివిన్రు.

సినిమా నేను గూడ మొత్తం చూసిన చిన్నమ్మా. మందు సీసా పట్టుకొని నువ్వు తడబడే కాడ నాకు నవ్వాగలే. ఒక పెద్దామె గూడ కింద అదే రాసింది, ఆ నర్సు కోసమే మళ్ల చూసిననని. అది చదివిన నాడే నీకు ఫోన్ చేసి చెప్పాల్సింది. అది ఇడిసిపెట్టి ఆ గలీజు మాటలోళ్లతోటి కొట్లాడుకుంట కూసున్న.

రేపు పొద్దున దుకాణం కాడికొస్త. షట్టర్ నేను తీస్త, వాళ్లు మళ్లొస్తే నేనే మాట్లాడుత. నా ముఖం చూడబుద్ధి కాకపోతే తాళంచెవి చిన్నాయనతోటి పంపు.

నీ అక్క బిడ్డ